వాయిస్ మెయిల్‌లో పడిన నీళ్ళు

బళ్ళారి దగ్గరి ఎమ్మిగనూరు కాలువ మీద వంతుల ప్రకారం నీళ్ళు వదిలే నీరుగంటి వీరభద్రప్ప పని పొద్దున ఆరింటికి మొదలవుతుంది. భుజాన పార, చొక్కా జేబులో నొక్కుడు ఫోను. పెద్ద తూము దగ్గర గట్టు మీద కూర్చుని, నోట్‌బుక్ తెరిచి, ఆ రోజు వంతు ఎవరిదో చూసుకుంటాడు. ఆ రైతు నంబరు నొక్కుతాడు. అవతల మూడు రింగులు మోగగానే కట్ చేస్తాడు. కాలువలో నీళ్ళు ఒకసారి ఆగి, పక్కకు తిరిగి, ఎవరి ఫోను మోగిందో వాళ్ళ చేలోకి పోతాయి. ఆ రైతు ఇంట్లో కాఫీ తాగుతూ రింగులు లెక్కపెట్టుకొని, మూడూ అయ్యాక గ్లాసు కిందపెట్టి, గట్లు తెగకుండా చూసుకోడానికి బయల్దేరతాడు.

వీరభద్రప్ప తాత కాలంలో అయితే గట్టు మీద నిలబడి పేరు పెట్టి కేకేసేవాడు. ఎవరు 'ఓయ్' అంటే నీళ్ళు వాళ్ళ వైపు పోయేవి. తాతకు గొంతుండేది, మనవడికి ఉబ్బసం. అందుకని ఫోను. నీళ్ళకు ఈ పద్ధతి అలవాటు కావడానికి ఒక పంటకాలం పట్టింది.

ఊళ్ళో నియమం ఒక్కటే. నీరుగంటి చేసే ఫోను ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే అతనికి దుడ్డు పోతుంది. అతనిచ్చుకోగలిగేది నెలకొక చిన్న రీచార్జి, సెకనుకింత అని కోసుకునే రకం. మూడు రింగులకు మాత్రం కోత లేదు. ఇదొక్కటే కాదు, ఆ ఊళ్ళో ఆటో రావాలన్నా మిస్డ్ కాలే, పాలు పోయించుకోవాలన్నా మిస్డ్ కాలే, అల్లుడు బస్సు దిగాడని తెలియాలన్నా మిస్డ్ కాలే. మిస్డ్ కాల్‌కి పైసా పోదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊరంతా నమ్మే విషయం ఇంకొకటి లేదు, కావాలంటే ఎన్నికలప్పుడు వెళ్ళి చూడండి.

ఆ నమ్మకాన్నే పట్టుకున్నారు ఫోను కంపెనీ వాళ్ళు. ఎంత చదువుకున్న బుర్రలో చూడండి. ఒకరోజు అందరికీ మెసేజ్ పంపారు: 'ఈ నంబరుకు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి. ఇక మీరు ఏ కాలూ పోగొట్టుకోరు. పూర్తిగా ఉచితం.' ఎవరు అడిగారు వీళ్ళని? కాల్స్ పోతున్నాయని ఏ రైతు వెళ్ళి వీళ్ళ ముందు ఏడ్చాడు?

శివరామకృష్ణయ్య పూజ ముగించుకొని, విభూతి చేతితోనే భార్య సుందరమ్మ ఫోను తీసి ఆ మెసేజ్ చదివాడు. మిస్డ్ కాలే కదా అనుకున్నాడు, ఇచ్చేశాడు. ఇచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద విషయంగా ఆయనకు తోచలేదు.

సుందరమ్మ అత్తమామలు గోదావరి వైపు నుంచి ఈ కాలువ కింద వరి పండించుకోడానికి వచ్చిన వాళ్ళు. ఆమె ఇరవై రెండేళ్ళుగా అదే మూడెకరాలు గుత్తకు చేస్తోంది. భూమి బళ్ళారి కౌల్ బజార్‌లో బట్టల అంగడి ఉన్న అమర్‌నాథ్ గారిది. నాట్లప్పుడే ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు, పోయినసారి సగం తాలు వచ్చింది, ఈసారీ అంతే అయితే గుత్త వేరేవాళ్ళకిస్తానని. ఇప్పుడు పైరు పొట్ట మీదుంది. వరి పొట్ట మీదున్నప్పుడు నీళ్ళు తప్పితే కంకి వస్తుంది, గింజ రాదు. ఆ సంగతి అమర్‌నాథ్ గారికీ తెలుసు, సుందరమ్మకు ఇంకా బాగా తెలుసు.

అయిదు రోజులకొక వంతు. మొదటి వంతు నాడు ఫోను మోగలేదు. కాలువ కట్టేశారేమో అనుకుంది. నిజానికి ఆ వారం ఫోను అస్సలు మోగలేదు. లోన్ కావాలా అని అడిగేవాళ్ళ పీడ విరగడైందని సంతోషపడింది కూడా. రెండో వంతు నాడూ మోగలేదు. పోయి చూస్తే పక్క చేను నిండుగా ఉంది, తన మడి నెర్రెలు వాసి ఉంది. పాదం సగం దిగేంత నెర్రెలు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చీర కొంగు నడుముకు దోపుకొని సరాసరి పెద్ద తూము దగ్గరికి నడిచింది.

"నా వంతు ఎవరికి అమ్ముకున్నావు, వీరభద్రప్పా?"

వీరభద్రప్ప లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ నీరుగంటితనంలో అతన్ని ఆ మాట అన్నవాళ్ళు లేరు.

"ఏంది సుందరక్కా, ఆ మాటేంది? నీకు రెండు వంతులూ ఇచ్చినా. ఇచ్చినందుకు నాకే దుడ్డు పోయినాది."

"నా ఫోను మోగనే లేదు."

"యాడ మోగకపోయా? ఒక రింగు అయితానే ఎవరో ఆడమనిషి ఎత్తి ఇంగ్లీషులో మాట్లాడతాంది. నేను కట్ చేస్తి. మూడు రింగులు కావాల కదా, అందుకని మూడుసార్లు చేస్తి. వంతుకి మూడు, రెండు వంతులకీ ఆరు. చేసినప్పుడల్లా తొమ్మిది రూపాయలు కోసినారు. అయినా నీళ్ళు కదిలినాయి. నీ చేలోకే పోతాండాయి అనుకుంటి."

"ఇప్పుడు చెయ్యి. నా ముందర."

"బ్యాలెన్సు యాడుండాది? యాభై నాలుగు రూపాయలు నాకిపోయినారు."

అతని కాల్స్ ఏమయ్యాయో అడుగుదామని సుందరమ్మ తన ఫోన్లోంచి కంపెనీకి చేసింది. కన్నడకు ఒకటి, హిందీకి రెండు, ఇంగ్లీషుకు మూడు నొక్కమన్నారు. ఒకటి నొక్కింది. రీచార్జికి ఒకటి, కొత్త పాటలకు రెండు, జాతకానికి మూడు అన్నారు. జాతకం చెప్పేవాళ్ళు ఉన్నారు, నీళ్ళ సంగతి చెప్పేవాళ్ళు లేరు. తొమ్మిది నొక్కితే మనిషితో మాట్లాడొచ్చని చివర్న చెప్పారు. నొక్కింది. వేణువు పాట మొదలైంది. మీ కాల్ మాకెంతో ముఖ్యం అంది ఒక గొంతు. వీరభద్రప్ప గట్టు మీద కూర్చున్నాడు, ఆమె నిలబడే ఉంది. పన్నెండు నిమిషాలు వేణువు వాయించి, ఈ వివరాలకు మా వెబ్‌సైట్ చూడండి అని పెట్టేశారు. ఆ పాట విన్నందుకు కూడా మూడు నిమిషాలకింత అని కోసుకున్నట్టు వెంటనే మెసేజ్ వచ్చింది. అది మాత్రం ఆలస్యం చెయ్యరు.

"పద," అంది సుందరమ్మ. "బళ్ళారికి పోదాం."

కురుగోడు మీదుగా వెళ్ళే బస్సెక్కి ఇద్దరూ పదకొండుకల్లా కౌల్ బజార్ చేరారు. ఆటోలూ బండ్లూ తప్పించుకుంటూ కంపెనీ షోరూం పట్టుకున్నారు. అద్దాల తలుపు, లోపల ఏసీ. గోడలు మాత్రం చెమ్మెక్కి ఉన్నాయి. పైకప్పు నుంచి ఒక చోట నీటిచుక్క పడుతుంటే కింద బకెట్టు పెట్టారు. టోకెన్ తీసుకున్నవాళ్ళు చెప్పులు తడవకుండా కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చున్నారు.

కౌంటర్‌లో ఉన్నమ్మాయి పేరు నేత్రావతి అని మెడలో కార్డు చెప్తోంది. పాతికేళ్ళుంటాయి.

"హేళి అమ్మా, ఏం కావాల?"

"నా ఫోన్లో పడాల్సిన నీళ్ళు నాకియ్యాల."

నేత్రావతి నంబరు అడిగి కంప్యూటర్‌లో కొట్టి చూసింది. "వాయిస్ మెయిల్ పెట్టెలో ఉండాయమ్మా. ఆరు మెసేజ్‌లు. ఆరూ ఒకే నంబరు నుంచి వచ్చినాయి. మాటలేం లేవు, నీళ్ళ చప్పుడే."

"ఆ నంబరు నాదేలే," అన్నాడు వీరభద్రప్ప.

"మీ ఫోన్‌కొచ్చే కాల్స్ అన్నీ పెట్టెకు మళ్ళేటట్టు పెట్టుండారు. అందుకే మీకు మోగట్లేదు. పెట్టె ఎత్తిన ప్రతిసారీ చేసినోళ్ళకు తొమ్మిది రూపాయలు పడతాది."

"ఎవరు పెట్టమన్నారు?"

"పద్నాలుగో తేదీ పొద్దున ఏడుంబావుకు ఈ ఫోను నుంచే మిస్డ్ కాల్ వచ్చినట్టు ఉండాది."

ఏడుంబావుకు సుందరమ్మ గేదె దగ్గర పాలు పిండుతుంటుంది. ఫోను పూజగూట్లో ఉంటుంది. ఆ ఇంట్లో ఉండేది ఇంకొక్క మనిషే. ఆ మనిషి సంగతి ఇంటికి పోయాక చూద్దామనుకుంది.

"సరే తల్లీ, తీసెయ్యి దాన్ని. నీళ్ళు ఇచ్చెయ్యి."

అప్పుడు లోపలి గదిలోంచి మేనేజర్ యోగేశ్ వచ్చాడు. విషయం వినకుండానే నవ్వాడు. అలా నవ్వడం వాళ్ళకు నేర్పిస్తారు.

"తీసెయ్యొచ్చు మేడమ్. కానీ తీసేస్తే మెసేజ్‌లు డిలీట్ అయిపోతాయి. కావాలంటే ముందు వినేసి తర్వాత తీసేసుకోండి. పెట్టెకు కాల్ చేసి వినాల. నిమిషానికి తొమ్మిది రూపాయలు."

"మూడెకరాలు తడవాలంటే గంటన్నర పడతాది సార్," అన్నాడు వీరభద్రప్ప.

"అంటే గంటన్నర కాల్. ఎనిమిది వందల పది. రెండు తడులంటే దానికి రెట్టింపు."

సుందరమ్మ కౌంటర్ మీద చెయ్యి పెట్టింది. గొంతు పెంచలేదు. కానీ టోకెన్లు పట్టుకొని కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

"చూడప్పా. వంతు నాది. నీటి తీరువా నేను కట్టినా, రసీదు ఇంట్లో ఉండాది. ఫోన్ చేసింది మా నీరుగంటి, ఆయన జేబులోంచి యాభై నాలుగు రూపాయలు మీరు కోసినారు. మేం అడగని పెట్టె తెచ్చి మధ్యలో పెట్టినారు. మా నీళ్ళు దాంట్లో పట్టుకొని, ఇప్పుడు మాకే నిమిషాల లెక్కన అమ్ముతారా? ఆడ నా పైరు పొట్ట మీదుండాది. ఈరోజు తడి పడకపోతే గింజ పట్టదు. గింజ పట్టకపోతే ఆ భూమి మాకుండదు. ఇది తప్పని నీకు అనిపించడం లేదా?"

"పాలసీ మేడమ్. నా చేతుల్లో లేదు."

"మరి ఎవరి చేతుల్లో ఉండాది? చెప్పు, ఆడికే పోతాం."

యోగేశ్ మళ్ళీ అదే నవ్వు నవ్వాడు. చెప్పడానికి అతనికీ తెలియదు. ఆ చేతులు ఎవరివో, ఏ ఊళ్ళో ఉంటాయో ఈ దేశంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"సెట్టింగ్ మారిస్తే దుడ్డు పడదమ్మా," అంది నేత్రావతి.

యోగేశ్ ఆమె వైపు చూశాడు. ఆమె స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పలేదు.

"మీరు పెట్టెకు చెయ్యకూడదు. పెట్టెనే మీకు చెయ్యాల. వచ్చే కాల్‌కి పైసా లేదు కదా. అట్ల ఒక సెట్టింగ్ ఉండాది. అడిగినోళ్ళకు కూడా చెప్పొద్దని మాకు చెప్పిండారు. ఇదో, మారుస్తాండా. ఇంక కాల్స్ కూడా పెట్టెకు మళ్ళవు, మీకే మోగుతాయి. మీరు చేలో నిలబడినాక స్టార్ ఒకటి నొక్కండి. మెసేజ్‌లు ఒక్కొక్కటే మీ ఫోన్‌కి వస్తాయి. అన్నీ అయినాక సున్నా నొక్కితే పెట్టె మూసుకుంటాది." తర్వాత సుందరమ్మ ఫోను తీసుకొని తన నంబరు ఎక్కించింది. "ఏమన్నా పని చెయ్యకపోతే నాకు చెయ్యండి."

"కార్డు ఆడ పెట్టి పో, నేత్రావతీ," అన్నాడు యోగేశ్.

ఆమె మెడలోంచి కార్డు తీసి కౌంటర్ మీద పెట్టి, కుర్చీ కిందున్న టిఫిన్ డబ్బా తీసుకొని వాళ్ళతోపాటే బయటికొచ్చింది. మూడేళ్ళ ఉద్యోగం. నిజం చెప్పినందుకు మూడు నిమిషాల్లో పోయింది. దొంగసొమ్ము తిన్నవాళ్ళకైనా నోటీసు ఇస్తారు.

షోరూం మెట్ల మీద సుందరమ్మ ఆగింది. "నా వల్ల నీ కడుపు కొట్టినట్టయింది కదమ్మా."

"సుమ్నె ఉండండమ్మా, ఊరికే బాధపడొద్దు. మీ వల్ల ఎందుకైతాది?"

"మీది ఏ ఊరు?"

"మీ కాలువ కొసన ఉండే పల్లెనే. మా నాయనకు రెండెకరాలుండాది. పన్నెండేళ్ళాయె, కాలువ నీళ్ళు చూసి. నా జీతంతోనే ఇల్లు నడుస్తాండె. ఈయన నోట్‌బుక్‌లో మా నాయన పేరు కూడా ఉండదులే."

వీరభద్రప్ప మెట్ల వైపు చూస్తూ అన్నాడు, "ఉండాదమ్మా. ఆఖరి పేరు. ప్రతిసారీ నీ నాయన దాకా వస్తా. అప్పటికి కాలువలో నీళ్ళుండవు."

ఆ అమ్మాయి తెలిసిన సంగతే అన్నట్టు తలూపి, ఆటో కోసం రోడ్డు దాటింది.

మూడింటికి సుందరమ్మ చేలో ఉంది. శివరామకృష్ణయ్య కూడా వచ్చి గట్టు మీద ఒక పక్కగా నిలబడ్డాడు. దారిలో ఆమె ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, దానికే ఆయన సగమైపోయాడు. ఆమె స్టార్ ఒకటి నొక్కింది. పది రోజుల తర్వాత ఫోను మోగింది. ఎత్తి స్పీకర్ పెట్టి తూము మూతి దగ్గర రాయి మీద పెట్టింది. మీకు ఆరు మెసేజ్‌లు ఉన్నాయి అంది ఆడగొంతు. తర్వాత వీరభద్రప్ప ఉబ్బసపు ఊపిరి వినిపించింది. ఆ వెనక నీళ్ళ చప్పుడు. ఫోను కింది చిన్న చిల్లుల్లోంచి మొదట నాలుగు చుక్కలు వచ్చాయి, తర్వాత వేలంత ధార, తర్వాత కాలువ నీళ్ళే వచ్చాయి, ఎర్రగా, ఒండ్రుతో.

నెర్రెల్లోకి నీళ్ళు దిగుతుంటే బుడగలు పైకొచ్చాయి. సుందరమ్మ మడి మడికీ పారతో దారి చేసుకుంటూ నడిచింది. వీరభద్రప్ప గట్లు చూశాడు. గంటన్నరకు మొదటి మెసేజ్ అయిపోయింది. రెండోది ఆరింటికి అయిపోయింది. మూడెకరాలూ పాదం మునిగేలా తడిశాయి. సుందరమ్మ ఒక దుబ్బు పట్టుకొని పొట్ట నొక్కి చూసింది. మెత్తగా, పచ్చిగా ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. అక్కడే గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది.

"ఇంకా నాలుగున్నాయి," అన్నాడు శివరామకృష్ణయ్య మెల్లగా. మాట్లాడే ధైర్యం అప్పటికి వచ్చింది. "పెట్టెలోనే ఉండనిద్దాం. కోతల దాకా మనకు నాలుగు తడులు కావాలి. కాలువ ఉన్నా లేకపోయినా దిగుల్లేదు. అమర్‌నాథ్ గారికి మాట చెప్పుకోవచ్చు."

మాట తప్పు కాదు. కాలువ ఎప్పుడు కట్టేస్తారో ఎవరికీ తెలియదు. సుందరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఏమండీ, మన వంతులు ఎన్ని పోయాయి?"

"రెండు."

"రెండూ వచ్చాయి. ఈ నాలుగూ ఎవరివి?"

ఆయన వీరభద్రప్ప వైపు చూశాడు. వీరభద్రప్ప నోట్‌బుక్ జేబులోంచి తియ్యలేదు. తియ్యాల్సిన పనిలేదు.

"మూడుసార్లు చేసి మూడింతలు తోలేస్తి," అన్నాడు. "కొసకు పోవాల్సినవే అవి."

"వాళ్ళు మన నీళ్ళు పెట్టెలో పెట్టుకుంటే తప్పు అని పొద్దున అంత మంది ముందు అన్నాను," అంది సుందరమ్మ. "మనం పెట్టుకుంటే ఏమంటారు?"

 ఈ మెసేజ్‌ను మరొకరికి పంపాలంటే నాలుగు నొక్కండి అని ఆ ఆడగొంతు ప్రతిదాని ముందూ చెప్తూనే ఉంది. సుందరమ్మ నాలుగు నొక్కింది. నేత్రావతి నంబరు కొట్టింది. నాలుగుసార్లు అలాగే చేసింది. తర్వాత సున్నా నొక్కి, ఫోను కొంగుతో తుడుచుకొని ఇంటికి నడిచింది.

సాయంత్రం దాకా కౌల్ బజార్‌లో వేరే పని కోసం అంగడి అంగడీ తిరిగిన నేత్రావతి అప్పటికి బస్సులో ఉంది. నాయనకు ఏం చెప్పాలా అని దారంతా ఆలోచిస్తూ ఉంది. ఫోను మోగింది. నంబరు చూసింది. మూడేళ్ళు చూసిన నంబరే, పెట్టెది. వెంటనే ఎత్తబోయి ఆగింది. ముందు సీట్లో ఒకామె చంటిబిడ్డతో కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర ఉల్లిగడ్డల మూటలున్నాయి. అన్నీ తడుస్తాయి. మోగనిచ్చింది. ఎత్తకపోతే పెట్టె పావుగంటకు మళ్ళీ చేస్తుంది, అలా మూడుసార్లే చేస్తుంది, ఆ తర్వాత చెరిపేస్తుంది. అదీ వాళ్ళ పాలసీనే.

రెండోసారి మోగేటప్పటికి ఊరి స్టాపులో దిగింది. ఇంటికి పోలేదు. టిఫిన్ డబ్బా చేతిలోనే పట్టుకొని చేనికి అడ్డదారిన పరుగు పెట్టింది. జొన్న మోకాలెత్తున ఆగిపోయి ఉంది. దాని పక్కన ఒకప్పటి పిల్లకాలువ, సగం పూడిపోయి, తుమ్మ మొలిచి. ఆమె దాంట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఫోను నేల మీద పెట్టి ఎదురుచూసింది. మూడోసారి మోగింది. ఎత్తింది.

చీకటి పడుతుండగా, కూతురు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ తండ్రి కోదండరామి చేనిగట్టు మీదికొచ్చాడు. దూరం నుంచే ఆగి చెవి పెట్టాడు.

"ఏంది పాపా, ఆ సద్దు?"

"మన వంతు నాయనా."

ఆయన పార తేవడానికి వెనక్కి తిరిగి ఇంటికి నడిచాడు. దొడ్లో వెతికాడు, అటక మీద వెతికాడు. పన్నెండేళ్ళ కింద దాన్ని ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. చివరికి పక్కింట్లో అడిగి తీసుకొని పోయాడు.